ఆ మెట్ల సీను ఉన్న నవల ఇదేనండీ

బాబాయి పిల్లాణ్ని చీకట్లో మెట్లెక్కమంటాడు, తర్వాత ఓడలో ఎత్తుకుపోతారు, పేరు గుర్తు రావట్లేదు అన్నారు కదా, అది స్టీవెన్సన్ రాసిన 'కిడ్నాప్డ్', 1886లో వచ్చింది. కథ 1751 నాటి స్కాట్లాండ్‌లో జరుగుతుంది. పైగదిలో పెట్టె తెమ్మని బాబాయి దీపం కూడా ఇవ్వకుండా పంపిస్తాడు, ఆ పిల్లాడు డేవిడ్ గోడ తడుముకుంటూ ఎక్కుతుంటే మెరుపు వెలుగులో మెట్లు ఎంత ప్రమాదంగా ఉన్నాయో కనబడుతుంది, ఇక పాకుతూ వెళ్తాడు, చివరికి ముందుకు చాపిన చేతికి ఏమీ తగలదు, మెట్లు అక్కడితో ఆఖరు! నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. డేవిడ్‌కి రావాల్సిన ఆస్తి కోసమే ఇదంతా. తర్వాత అమెరికాలో అమ్మేయడానికి ఓడెక్కిస్తారు.

మీ అమ్మాయికైతే ముందు సంక్షిప్త ప్రతి ఇవ్వండి, అసలు దాంట్లో స్కాట్స్ (స్కాట్లాండ్ వాళ్ల భాష) మాటలు ఎక్కువ.