ఉత్పల్ దత్ హాస్యనటుడేనా?

‘గోల్ మాల్’ (1979)లో మీసాల పిచ్చి ఉన్న బాస్‌గానే చాలామందికి ఆయన తెలుసు. కానీ అసలు బతుకంతా బెంగాలీ నాటకమే. కుర్రతనంలో ఊరూరా తిరిగి నాటకాలు వేసే ఇంగ్లీషు నటుడు జెఫ్రీ కెండల్ బృందంతో షేక్‌స్పియర్ నాటకాలు ఆడారు. తర్వాత సొంతంగా లిటిల్ థియేటర్ గ్రూప్ పెట్టి, ఇంగ్లీషు వదిలి బెంగాలీకి మారారు. కలకత్తా మినర్వా థియేటర్లో 1965లో వేసిన ‘కల్లోల్’ 1946లో బ్రిటిష్ పాలనపై భారతీయ నావికులు చేసిన తిరుగుబాటు కథ. ఆ ఏడాదే ప్రభుత్వం ఆయన్ని విచారణ లేకుండా కొన్ని నెలలు జైల్లో పెట్టింది. మార్క్సిస్టు కదా, టెన్షన్ పడలేదు. బయటికొచ్చి మళ్లీ రాజకీయ నాటకాలే వేశారు, జాత్రా (బెంగాలీ జానపద నాటకం) బృందాలకూ రాశారు.

‘భువన్ షోమ్’ (1969)కి జాతీయ ఉత్తమ నటుడు అవార్డు వచ్చింది. సినిమాలకూ దర్శకత్వం వహించారు గానీ, నా లెక్కలో నాటక దర్శకుడే గొప్ప. నటన మాత్రం చూడాలంటే సత్యజిత్ రాయ్ ‘ఆగంతుక్’ (1991) చూడండి.