తెర వెనుక సందేహాలు: ముందు సీనరీనా, బరువులా?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం సెట్టింగు పని గురించే వచ్చాయి. నటుల గురించి అడిగినవాటిని పక్కన పెట్టాను. వాళ్ల గురించి చెప్పేవాళ్లు పత్రికల్లో చాలామంది ఉన్నారు.

ప్రశ్న: నేను వడ్రంగిని. బీరువాలు, మంచాలు, తలుపులు చేస్తాను. ఒక నాటక బృందం వారు సెట్ల పనికి రమ్మంటున్నారు. పని వచ్చినవాడినే కదా, కొత్తగా నేర్చుకోవలసింది ఏముంటుంది?

జవాబు: మీ చేతికి అలవాటైన కొన్ని పనులు మానుకోవాలి. మీ బీరువా తరాల పాటు కదలకుండా ఉండాలి. మా గోడ రెండు గంటలు నిలబడి, ఆట ముగియగానే ముక్కలై లారీ ఎక్కాలి. సన్నని చెక్క చట్రానికి గుడ్డ గానీ పలుచని ప్లైవుడ్ గానీ బిగించి రంగు వేస్తే అదే గోడ. దాన్ని ఫ్లాట్ అంటాం. చట్రం మూలల్లో జిగురు పెట్టుకోండి, కాదనను. ఒక ఫ్లాట్‌ను ఇంకొక దానితో కలిపే చోట మాత్రం బోల్టు గానీ, పిన్ను లాగితే ఊడివచ్చే మడతబందు గానీ ఉండాలి. వెనుక వాలుగా ఊతకర్ర, దాని కాలి మీద ఇనుప బరువు.

టేపు తీశాక మొదట సామాను లోపలికి వచ్చే తలుపును కొలవండి, ఆ తరువాతే రంగస్థలాన్ని. తలుపు పట్టని గోడను రంపంతో కోసి లోపలికి తెచ్చిన ఘనులను చూశాను. సెట్లో తలుపు ఉంటే ద్వారబంధానికి రెండు పక్కలా ఊత ఇవ్వండి. నాయకుడు కోపంగా తలుపు విసిరి కొట్టి వెళ్లగానే ఇల్లంతా ఊగితే విషాదం కాస్తా ప్రహసనమవుతుంది.

రంగు వేసినప్పుడు చివరి వరుస దాకా నడిచి వెళ్లి చూడండి. దగ్గర నుంచి మొరటుగా ఉన్న గీత అక్కడికి ఇటుకల సందులా కనిపిస్తుంది. ముచ్చటపడి చెక్కిన నగిషీ అసలు కనిపించనే కనిపించదు. ఎర్ర దీపం కింద ఆకుపచ్చ నల్లబడుతుంది కాబట్టి, నాటకంలో వాడే దీపాల కింద ఒక రంగు ముక్కను పెట్టి చూశాకే గోడంతా పూయండి.

ప్రశ్న: రంగస్థల సాంకేతిక విభాగంలో చదువుతున్నాను. పైనుంచి సీనరీ దించే తాళ్ల దగ్గరికి అమ్మాయిలను రానివ్వడం లేదు. బలం కావాలట. నిజమేనా?

జవాబు: అబద్ధం తల్లీ. ఆ తాడును బలంతో లాగవలసి వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పిందని అర్థం. సీనరీ కట్టే గొట్టాన్ని బాటెన్ అంటారు. దాని ఉక్కు తీగలు పైకప్పు కింది కప్పీల మీదుగా పక్క గోడకు వచ్చి, ఇనుప దిమ్మెలు పేర్చే చట్రానికి తగులుకుంటాయి. ఇటు ఎంత బరువో అటు కూడా అంతే. సరిగా తూగితే పెద్ద తెరనైనా నిదానంగా ఒక చేత్తో కదపవచ్చు. కండబలం చూపించే కుర్రవాళ్లే నాకు భయం. తూకం తప్పిందని తాడు చెబుతున్నా వినకుండా లాగేస్తారు.

వాళ్లు నేర్పకపోయినా మీరు నేర్చుకోవలసింది క్రమం. బాటెన్ కిందికి దిగి ఉన్నప్పుడు దిమ్మెల చట్రం పైన ఉంటుంది. ఎక్కించేటప్పుడు ముందు సీనరీ కట్టాలి, తరువాత దిమ్మెలు పెట్టాలి. విప్పేటప్పుడు ముందు దిమ్మెలు తీయాలి, తరువాతే సీనరీ. ఇది తిరగబడిందా, పైనున్న ఇనుమంతా ఒక్కసారిగా కిందికి దూకుతుంది, ఖాళీ బాటెన్ పైకి ఎగిరిపోతుంది. తాడుకు ఉండే తాళాన్ని నమ్ముకోకండి. అది తూగిన బరువు జరగకుండా పట్టుకోవడానికే గాని, తూగనిదాన్ని మోయడానికి కాదు. బాటెన్‌ను కదిపే ముందు ఏది దిగుతోందో గట్టిగా అరిచి చెప్పండి. కింద ఉన్నది దర్శకుడైనా సరే.

ప్రశ్న: చీకట్లో రంగం మార్చేటప్పుడు మా కాలేజీ బృందంలో ఒకరినొకరు గుద్దుకుంటున్నాం. ఏం చేయాలి?

జవాబు: ముందు వెలుతురులో సాధన చేయండి. కుర్చీ ఎవరిది, బల్ల ఎవరిది, ఎవరు ఏ పక్క నుంచి వచ్చి ఏ పక్కకు వెళతారు అన్నది నాటకంలోని సంభాషణల్లాగే కంఠస్థం కావాలి. తరువాత దీపాలు ఆర్పి అదే పని చేయండి. సామాను నిలిచే చోట చీకట్లో మెరిసే టేపు ముక్కలు అంటించండి. గుర్తులు ఎక్కువైతే నేల నక్షత్రాల ఆకాశమై ఏది ఎవరిదో తెలియదు, కాబట్టి పొదుపుగా. దీపాలు ఆరబోయే ముందు కొద్దిసేపు ఒక కన్ను మూసుకోండి. ఆరగానే తెరిస్తే ఆ కన్ను చీకటికి కాస్త అలవాటుపడి ఉంటుంది. జేబులో తాళం చెవులు, కాలికి చప్పుడు చేసే చెప్పులు వద్దు.

ప్రశ్న: థర్మోకోల్, పాత చీరలతో చవకగా సెట్ వేస్తున్నాం. ఫరవాలేదా?

జవాబు: ఫరవాలేదని నాచేత అనిపించుకోలేరు. 1903 డిసెంబర్ 30న షికాగోలోని ఇరొక్వాయ్ థియేటర్‌లో ఒక ఆర్క్ దీపం నిప్పురవ్వ తెరకు అంటుకుంది. పైన వేలాడుతున్న రంగుగుడ్డలకు పాకింది. మంటను ఆపవలసిన రక్షణ తెర మధ్యలోనే ఇరుక్కుపోయింది. తలుపులు కొన్ని తెరుచుకోలేదు. 600 మందికి పైగా చనిపోయారు. దానికి నెల రోజుల ముందే, నిప్పు అంటని భవనమని చాటి మరీ దాన్ని ప్రారంభించారు.

గుడ్డకు మంటను అడ్డుకునే ద్రావణం పట్టించి ఆరనివ్వండి. ఒక చిన్న ముక్కను ఆరుబయటకు తీసుకెళ్లి నిప్పు పెట్టి చూడండి. నిప్పు తీసేశాక కూడా మండుతూ ఉంటే ఆ గుడ్డ మీ సెట్లోకి రాకూడదు. థర్మోకోల్ కరిగి బొట్లుబొట్లుగా కారుతుంది, నల్లటి పొగ కక్కుతుంది. దాన్ని మానేయండి. సెట్ ఎంత అందంగా వచ్చినా అత్యవసర ద్వారానికి అడ్డుగా ఉంటే పీకేయండి.

ప్రశ్న: తిరిగే వేదిక సినిమావాళ్లు కనిపెట్టిందేనా?

జవాబు: సినిమా పుట్టకముందే ఉంది. జపాన్ కబుకి రంగస్థలం మీద నమికి షోజో 1758లోనే వాడాడు. కింద మనుషులు తోస్తే పైన వేదిక తిరిగేది. యూరప్‌లో కార్ల్ లౌటెన్‌ష్లేగర్ 1896లో మ్యూనిక్‌లో పెట్టాడు. ఈ అడగడం చూస్తే మీరూ ఒకటి చేయబోతున్నట్టున్నారు. అంచుకూ నేలకూ మధ్య సందు చెప్పు మొన ఇరుక్కోనంత సన్నగా ఉండాలి. ఆపే మీట తిప్పేవాడి చేతికి అందేంత దూరంలో ఉండాలి, వేదిక మొత్తం వాడికి కనిపించాలి. అది కుదరకపోతే కనిపించే చోట ఇంకొకరిని నిలబెట్టి, వాళ్లు చెయ్యెత్తగానే ఆపేయమనండి.