ఇండికేటర్ వైరింగ్ ముట్టుకునే ముందు

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. పాత కారులో ఇండికేటర్ వేస్తే లైటు వెలిగి అలాగే ఉండిపోతోందని, వైరింగంతా పీకేసి ఎల్‌ఈడీలు, హజార్డ్ లైట్లు (ప్రమాదంలో నాలుగు మూలలా ఒకేసారి మినుకుమనేవి) పెడతానని రాశావు. పెట్టుకో, కాదనను. కట్టర్ పట్టే ముందు మాత్రం కరెంటు ఎటు పోతోందో, ఎటు తిరిగొస్తోందో ఒక కాగితం మీద గీసుకో. పోయే దారి ఎవరైనా చూస్తారు. తంటాలన్నీ తిరిగొచ్చే దారిలోనే ఉంటాయి.

పోయే దారి సులువే. బ్యాటరీ, ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజు, ఫ్లాషర్ (లైటుని వెలిగిస్తూ ఆర్పే డబ్బీ), స్టీరింగ్ కింది స్విచ్, అక్కడి నుంచి ఎడమకో వైరు, కుడికో వైరు. ఫ్లాషర్ మీద బి లేదా ఎక్స్ అని ఉన్న పిన్ను సప్లై, ఎల్ స్విచ్‌కి, పి డాష్‌బోర్డు మీది చిన్న బల్బుకి. జర్మన్ కార్లలో సప్లై 49, స్విచ్‌కి వెళ్లేది 49ఏ. లూకాస్ కంపెనీ వైరింగున్న బ్రిటిష్ కారైతే ఎడమకి ఆకుపచ్చ మీద ఎర్రగీత, కుడికి ఆకుపచ్చ మీద తెల్లగీత. ఇన్నేళ్లలో ఎన్ని చేతులు మారిందో కదా, రంగు సరిపోయినా టెస్ట్ ల్యాంప్ పెట్టి చూడాల్సిందే.

పాత ఫ్లాషర్‌లో పనంతా వేడిదే. కరెంటుకి లోపలి లోహం వేడెక్కి, చల్లారుతుంటేనే లైటు మినుకుమంటుంది. రెండు 21 వాట్ల బల్బులు 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు లాగుతాయి. ఆ లెక్కకే దాన్ని తయారుచేశారు. కరెంటు తగ్గిందా, మినుకుమనే తీరు మారుతుంది, లేదా నీ కారులో లాగా లైటు ఆరదు. జనం వెంటనే కొత్త ఫ్లాషర్ కొంటారు. నువ్వు ముందు బల్బులు చూడు, తర్వాత ఎర్త్ చూడు, అంటే కారు బాడీ గుండా కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి. ఫ్లాషర్ సప్లై పిన్నుకీ ఎల్ పిన్నుకీ మధ్య చిన్న వైరు కలిపితే లైటు ఆరకుండా వెలుగుతుంది. అప్పుడు మల్టీమీటర్ ఒక కొన బల్బు హోల్డర్ లోహానికి, రెండోది బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కి పెట్టు. సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటితే మధ్యలో తుప్పుందన్నమాట. ఇండికేటర్‌తో పాటు టెయిల్ లైటు కూడా మినుకుమంటే ఇంక అనుమానమే అక్కర్లేదు. ఎమ్రీ పేపర్‌తో రుద్ది, హోల్డర్ నుంచి బాడీకి విడిగా ఒక ఎర్త్ వైరు లాగు. సగం కార్లకి ఇక్కడితో రోగం కుదురుతుంది.

ఎల్‌ఈడీలు లాగే కరెంటు బహు తక్కువ, పాత ఫ్లాషర్‌కి అది చాలదు. లోడుతో, అంటే లైట్లు లాగే కరెంటుతో, సంబంధం లేకుండా పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వెయ్యి. కొందరు పాత ఫ్లాషరే ఉంచి, కరెంటు పెంచడానికి పక్కకో 6 ఓమ్‌ల రెసిస్టర్ కడతారు. అది 24 వాట్ల వేడి కక్కుతుంది, నాకైతే ఆ పద్ధతి నచ్చదు. ఇంకో చిక్కుంది. పి పిన్ను వాడని చాలా కార్లలో డాష్‌బోర్డు బల్బు ఎడమ, కుడి వైర్ల మధ్య ఉంటుంది, దానికి ఎర్త్ అందేది అవతలి వైపు బల్బుల గుండానే. అక్కడ ఎల్‌ఈడీలు పెడితే ఆ కొద్ది కరెంటుకే అవీ వెలిగి, నాలుగు మూలలా మినుకుమంటాయి. రెండు వైర్ల నుంచీ ఒక్కో 1ఎన్4001 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) తీసుకుని, గీత ఉన్న కొనలు కలిపి బల్బుకివ్వు. బల్బు రెండో కొన ఎర్త్‌కి. నీది పాజిటివ్ ఎర్త్ కారైతే (బ్యాటరీ ప్లస్ కొన బాడీకి కలిపినది) డయోడ్లు తిరగెయ్యాలి, ఎల్‌ఈడీలూ ఫ్లాషరూ కూడా దానికి తగ్గవే కొనాలి.

పాత అమెరికన్ కార్లలో చాలావాటికి వెనక బ్రేకుకీ ఇండికేటర్‌కీ ఒకే ఫిలమెంట్. బ్రేకు వైరు కూడా స్టీరింగ్ స్విచ్ గుండానే వస్తుంది. విడిగా పసుపు లైట్లు పెట్టాలంటే ఆ వైరుని స్విచ్ నుంచి తప్పించి నేరుగా వెనక్కి లాగాలి, లేకపోతే బ్రేకు తొక్కగానే పసుపు లైట్లు రెండూ వెలుగుతాయి.

హజార్డ్‌కి సప్లై ఇగ్నిషన్ నుంచి తీసుకోకు. బ్యాటరీ నుంచే, సొంత ఫ్యూజుతో, సొంత ఫ్లాషర్‌తో. మామూలు బల్బులైతే నాలుగూ కలిపి 7 ఆంపియర్లు, దానికి తగ్గ వైరు వెయ్యి. రెండు వైపులనీ ఒకే చోట మెలేసి స్విచ్ పెడితే కుదరదు, ఆఫ్‌లో అవి విడిపోవాలి. హజార్డ్ ఆన్ అయినప్పుడు మామూలు ఫ్లాషర్ సప్లైని తెంచే స్విచ్చే కొను. లేదంటే ఇండికేటర్ వేసి ఉన్నప్పుడు కరెంటు వెనక్కి ఎక్కి ఇగ్నిషన్ సర్క్యూట్‌లోకి పోతుంది.

పని మొదలుపెట్టేటప్పుడు ముందుగా బ్యాటరీ ఎర్త్ తియ్యి. వైర్లు మెలేసి టేపు చుట్టకు, క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి) స్లీవ్ వెయ్యి. అంతా అయ్యాక హెడ్‌లైట్లు వేసి, బ్రేకు తొక్కి ఉంచి, రెండు వైపులా చూడు. నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య వెలగాలి.

ఉంటాను,
మావయ్య