పెళ్లి షీటుకు ఎన్ని తలుపులు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పెళ్లి పనుల గొడవే. ఫోను నెమ్మదించిందని రాసినవాళ్లు ఇంకో వారం ఓపిక పట్టాలి. బ్యాటరీ ఉబ్బిందన్న ఒకాయన మాత్రం ఆగొద్దు, ఆ ఫోను వాడటం ఇప్పుడే మానేయండి.

సందేహం: పిలవాల్సినవాళ్ల జాబితా మేమిద్దరం కలిసి గూగుల్ షీట్‌లో రాసుకున్నాం. రెండిళ్లవాళ్లకూ లింకు పంపాం. నిన్న ఎవరో అక్షరక్రమంలో పెట్టబోయి పేర్లను మాత్రమే కదిపేశారు. ఇప్పుడు ఒకరి పేరు పక్కన ఇంకొకరి నంబరుంది. మొత్తం 412 మంది. పాతది వెనక్కి వస్తుందా? ఎవరు చేశారో తెలుస్తుందా? లింకు కింద ఇస్తున్నాను.

వస్తుంది. కంప్యూటర్‌లో షీటు తెరిచి 'ఫైల్' మెనూలోని 'వెర్షన్ హిస్టరీ'కి వెళ్లి, గందరగోళానికి ముందున్న సమయాన్ని ఎంచుకోండి. 'రీస్టోర్' కనపడగానే నొక్కేయకండి. నిన్నటి తర్వాత చేర్చిన పేర్లు కూడా జాబితాలోంచి పోతాయి. ఆ పాత రూపం పక్కనున్న మూడు చుక్కలు నొక్కి దాన్ని విడిగా కాపీ తీసుకోండి, కొత్త పేర్లు చేత్తో చేర్చుకోండి. అరగంట పని. ఇకమీదట ఎవరికైనా వరస మార్చి చూసుకోవాలనిపిస్తే 'డేటా' మెనూలో ఫిల్టర్ వ్యూ తెరుచుకోమనండి. అందులో ఎంత కదిపినా మిగతావాళ్ల తెర మీద ఏదీ కదలదు.

ఇక ఎవరు చేశారన్నది. మీరు లింకు ఇచ్చిన పద్ధతిలో అది తెలిసే అవకాశం తక్కువ. లాగిన్ కాకుండా లింకు పట్టుకుని వచ్చినవాళ్లంతా హిస్టరీలో 'అనానిమస్' అనే ఒకే ముసుగు కింద కనిపిస్తారు. ఆ సంగతి నేను అనుభవం మీద చెబుతున్నాను. మీరు పంపిన లింకు నొక్కాను మరి. నువ్వెవరని ఎవరూ అడగలేదు. షీటు తెరుచుకుంది, కర్సరు ఒక గడిలో మిణుకుమంటూ నిలబడింది. అంటే చదవడమే కాదు, రాయనూ వచ్చన్నమాట. పైన కుడి మూలన నాతోపాటు ఇంకో ఇద్దరున్నారు, పేరు తెలియనివాళ్లకు గూగుల్ తగిలించే జంతువుల పేర్లతో: ఒక అనానిమస్ కాపీబారా, ఒక అనానిమస్ గబ్బిలం. వాళ్లు మీ బంధువులే కావచ్చు. వాళ్ల తెర మీద నేనూ ఏదో జంతువునే అయ్యుంటాను.

మొదటి ట్యాబ్‌లో పేర్లు, నంబర్లు, చిరునామాలు, 'ఏమవుతారు' అనే ఒక వరస. రెండోదాంట్లో ఎవరు ఏ రోజు బయల్దేరతారు, మళ్లీ ఏ రోజు ఇల్లు చేరతారు. మూడోది 'అడ్వాన్సులు': హాలువాళ్లకు, ఫొటోగ్రాఫరుకు, వంటవాళ్లకు ఎంత ఇచ్చారు, ఎంత బాకీ, ఆ బాకీ ఏ బ్యాంకు ఖాతాకు పంపాలి. నాలుగోదాంట్లో గదుల బుకింగ్ కోసం సేకరించిన గుర్తింపు కార్డుల ఫోల్డర్‌కు లింకు. అది నొక్కలేదు. తెరుచుకుంటుందేమో చూడాలన్న ధైర్యం కూడా చేయలేదు.

"మా చుట్టాల పేర్లు చూసి ఎవరేం చేసుకుంటారండీ" అని ప్రతిసారీ ఎవరో ఒకరు రాస్తారు. ఏం చేసుకుంటారో చెప్తాను. మీ పెద్దమ్మకు ఒక ఫోను వస్తుంది. పేరు పెట్టి పిలుస్తారు, ఎవరి పెళ్లికి ఏ రోజు బయల్దేరుతోందో వాళ్లే చెబుతారు, మీకు గది బుక్ చేస్తున్నాం, ఓటీపీ వచ్చింది చూడండి అంటారు. ఇన్ని వివరాలు తెలిసినవాడు బయటివాడని ఆవిడ ఎందుకు అనుకుంటుంది? రెండో ట్యాబేమో ఏ ఇంటికి ఏయే రోజుల్లో తాళం పడుతుందో చెప్పే జాబితా.

నాకు అంతకన్నా భయం మూడో ట్యాబ్‌తో. బ్యాంకు ఖాతా నంబరున్న గడిలోకి ఎవరైనా వెళ్లి, అక్కడున్నది చెరిపి తన నంబరు రాసి పోవచ్చు. ఇందుకు హ్యాకింగ్ అక్కర్లేదు, టైపింగ్ వస్తే చాలు. గడి రంగు మారదు, గంట మోగదు. బాకీ కట్టాల్సిన రోజు మీరు ఆ నంబరును కాపీ చేసి డబ్బు పంపేస్తారు. మూడు రోజులకు ఫొటోగ్రాఫరు ఫోను చేసి, మిగతాది ఎప్పుడిస్తారండీ అంటాడు. అప్పుడు రెండిళ్ల మధ్య మొదలయ్యే వాదనను ఏ వెర్షన్ హిస్టరీ సర్దలేదు.

కాబట్టి ఈ పేజీ చదవడం ఆపి ముందు ఆ పని చూడండి. 'షేర్' నొక్కి, 'ఎనీవన్ విత్ ద లింక్' అని ఉన్నదాన్ని 'రిస్ట్రిక్టెడ్' చేయండి. బయటివాళ్లకు తలుపు అక్కడే పడుతుంది. ఇప్పటికే కాపీ తీసుకున్నవాళ్లు ఉంటే మాత్రం చేసేదేం లేదు. తర్వాత నిజంగా రాయాల్సిన నలుగురైదుగురిని మెయిల్ చిరునామాలతో చేర్చండి. అదే పెట్టెలో పైనున్న గేరు గుర్తు నొక్కితే, ఎడిటర్లు ఇంకొకరిని చేర్చడానికి వీలిచ్చే టిక్కు ఉంటుంది. దాని జోలికి ఎవరూ పోరు, మీరు పోయి దాన్ని తీసేయండి. డబ్బుల ట్యాబును వేరే ఫైలుగా తీసి మీరిద్దరే ఉంచుకోండి. గుర్తింపు కార్డుల ఫోల్డర్‌నూ చూడండి: ఫోల్డర్‌ను లింకుతో తెరిచి పెడితే రేపు అందులో వేసే ఫైళ్లు కూడా తెరుచుకునే ఉంటాయి. గదులు ఖాయమయ్యాక ఆ ఫొటోలతో పనేముంది, తీసేయండి. ఇక డబ్బు పంపేముందు ఖాతా నంబరు గడి మీద రైట్ క్లిక్ చేసి 'షో ఎడిట్ హిస్టరీ' చూడండి, ఆపైన వాళ్లకే ఫోను చేసి నంబరు చదివించుకోండి. షీటులో ఉన్న ఫోను నంబరుకు కాదు, మీరు మొదటినుంచీ మాట్లాడుతున్న నంబరుకు.

"మా మావయ్యకు లాగిన్‌లవీ రావు, లింకైతే సులువు" అన్న జవాబు వస్తుందని తెలుసు. ఆయన్ని ఫోనులో చెప్పమనండి, మీరు రాసుకోండి.

సందేహం: పెళ్లి పనుల కోసం ఉమ్మడిగా ఒక జీమెయిల్ తెరిచాం. పాస్‌వర్డు ఆరుగురి దగ్గరుంది. ఎవరు లాగిన్ అయినా కోడు నా ఫోనుకే వస్తుంది కాబట్టి టూ స్టెప్ వెరిఫికేషన్ తీసేయమంటున్నారు.

తీయకండి. తీయాల్సింది ఆరుగురి దగ్గరున్న పాస్‌వర్డును. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద చూస్తే ఇంకొకరిని డెలిగేట్‌గా చేర్చే వీలుంటుంది. వాళ్లు తమ సొంత లాగిన్‌తోనే మీ ఉత్తరాలు చదివి జవాబివ్వగలరు, పాస్‌వర్డు మాత్రం మార్చలేరు. పాస్‌వర్డు మార్చేశాక, మెయిల్ ఫార్వార్డింగ్‌లో మీరు పెట్టని చిరునామా ఏదైనా ఉందేమో కూడా చూసుకోండి.

సందేహం: మా శుభలేఖను ఒక కుర్రాడితో యాప్‌లాగా చేయించాం. పాట వస్తుంది, పెళ్లికి ఇంకా ఎన్ని రోజులో చూపిస్తుంది. ఏపీకే ఫైలును, అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలును, వాట్సాప్‌లో పంపితే చాలామందికి తెరుచుకోవడం లేదు. సెట్టింగ్స్ ఏం మార్చుకోమని చెప్పాలి?

ఏమీ చెప్పకండి. పంపినవి వెంటనే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' చేయండి. పంపి రెండున్నర రోజులు దాటితే ఆ అవకాశం కూడా ఉండదు.

శుభలేఖ పేరుతో ఏపీకే పంపడం దొంగల పద్ధతి. తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది, 'మా పెళ్లికి రండి' అని ఉంటుంది, నొక్కితే ఇన్‌స్టాల్ అవుతుంది. ఆ తర్వాత అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చారా, బ్యాంకు పంపే ఓటీపీలన్నీ మీకన్నా ముందు వాడు చదువుతాడు. ఆ ఫోనులోని కాంటాక్టులకు అదే శుభలేఖ మళ్లీ వెళ్తుంది. మీ కుర్రాడు చేసింది నిక్షేపంగా మంచి యాపే కావచ్చు. కానీ మీ వాళ్లందరికీ మీరు నేర్పుతున్నదేమిటి? పెళ్లి పిలుపు ఏపీకేగా వస్తుందని, ఫోను వద్దని హెచ్చరించినా పట్టించుకోకుండా నొక్కాలని. వచ్చే నెల దొంగది వస్తే వాళ్లు ఏ అనుమానమూ లేకుండా నొక్కుతారు. దొంగకు దారి ఊడ్చి పెట్టినట్టే.

ఫోను అడ్డుపడేది ఊరికే కాదు. ఆండ్రాయిడ్ 8 వచ్చిన 2017 నుంచి, బయటినుంచి వచ్చిన ఫైలును ఇన్‌స్టాల్ చేయాలంటే అది ఏ యాప్ ద్వారా వచ్చిందో ఆ యాప్‌కు విడిగా అనుమతి ఇవ్వాలి. ఆ అడ్డు తీసేయడమెలాగని నన్నడుగుతున్నారు మీరు. ఐఫోనున్నవాళ్లకైతే ఏం చేసినా తెరుచుకోదు. శుభలేఖకు ఒక బొమ్మ చాలు, లేదా పీడీఎఫ్. పాట కావాలంటే వీడియో చేయించండి.

ఎవరైనా ఇప్పటికే దొంగ శుభలేఖను ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు వైఫై, మొబైల్ డేటా ఆపేయాలి, వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పాలి. పాస్‌వర్డులు కూడా వేరే పరికరం నుంచే మార్చాలి. ఆ యాప్‌ను తీసేసి ఊరుకోవద్దు, ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేస్తేనే నమ్మకం. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి తెలియనిది ఏమున్నా తెంచేయాలి.

సందేహం: కార్డు మీద క్యూఆర్ కోడ్ ముద్రించాం. స్కాన్ చేస్తే హాలుకు దారి చూపించేది. కార్డులు పంచేశాక ఇప్పుడు 'గడువు ముగిసింది, ప్లాన్ కొనండి' అని వస్తోంది. కోడ్‌కు గడువుంటుందా?

ఉండదు. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ సంస్థ కార్ల విడిభాగాల లెక్క కోసం దీన్ని తయారుచేసింది. ఆ గళ్లలో ఉండేది అక్షరాలే. కాగితం ఉన్నంతకాలం అవి ఉంటాయి. గట్టి రకం కోడ్‌లో 30 శాతం దాకా చెడిపోయినా చదవొచ్చు. మీకు కోడ్ చేసిచ్చిన ఉచిత సైటు అందులో మీ మ్యాపు లింకు పెట్టలేదు, తన లింకు పెట్టింది. జనం ముందు దాని గుమ్మం తొక్కి, ఆ తర్వాతే హాలు చేరాలి. గుమ్మానికి ఇప్పుడు గొళ్లెం పెట్టింది. దీన్ని వాళ్లు 'డైనమిక్' అని ముద్దుగా పిలుచుకుంటారు. మీకు మిగిలినవి రెండే దారులు: పెళ్లిదాకా డబ్బు కట్టి ఆటో రెన్యువల్ ఆపేయడం, లేదా అందరికీ మ్యాపు లింకు మెసేజ్ పెట్టడం. రెండోదే చేయండి. అచ్చుకు వెళ్లేముందు కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేసి, పైన కనిపించే చిరునామా మీదేనా అని చూడటానికి పది సెకన్లు పట్టదు.

అసలు పెళ్లి పనుల కోసమని వచ్చే యాపులన్నిటి తీరూ ఇంతే. పెళ్లి ఒక్కరోజుది, చందా మాత్రం నెలనెలా. మొదటి తెర మీదే కాంటాక్టులన్నీ ఇవ్వమంటాయి, అతిథుల జాబితా మీకు సులువవుతుందట. మీ ఫోనులోని డాక్టరు, ఇంటి ఓనరు, పాత ఆఫీసువాళ్లు మీ పెళ్లికొస్తున్నారా? 2024లో వచ్చిన ఐఓఎస్ 18లో కావలసిన కాంటాక్టులను మాత్రమే ఎంచి ఇవ్వొచ్చు. ఆ వీలు లేని ఫోనులో 'వద్దు' నొక్కి పేర్లు చేత్తో రాసుకోవడమే. ఇక 'వస్తాను' అని ఒక్క మాట చెప్పడానికి అతిథి కూడా యాప్ వేసుకుని ఖాతా తెరవాలట. నేను చూసిన ఒకటైతే పెళ్లయిపోయాక కూడా లెక్క ఆపలేదు: 'పెళ్లికి ఇంకా మైనస్ 11 రోజులు'. అది నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ పెళ్లి ఆగిపోయిన అమ్మాయి ఫోనులో కూడా అది రోజూ పొద్దున్నే మోగుతుంది. వాయిదా పడిందనో, రద్దయిందనో చెప్పే బటను నేను చూసినవాటిలో ఒక్కదానిలోనూ లేదు. రంగులెన్నో, అంచులెన్నో, పూల డిజైన్లెన్నో ఇచ్చినవాళ్లకు ఆ ఒక్క బటను తట్టలేదు. క్యూఆర్ ప్రశ్న దగ్గర మొదలై ఎక్కడికో వచ్చాను, క్షమించండి.

సందేహం: పెళ్లిలో అందరూ తీసే ఫొటోలు ఒకచోట చేరాలి. వాట్సాప్ గ్రూపు చాలదా?

కబుర్లకు చాలు. ఫొటోగా పంపితే కుదించేస్తుంది, హెచ్‌డీ నొక్కినా అసలుది రాదు. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది, ఫైలు 2 జీబీ దాకా. వందమందికి అది అలవాటు చేయడం మీవల్ల కాదు కాబట్టి గూగుల్ ఫొటోస్‌లో షేర్డ్ ఆల్బమ్ పెట్టండి, 20,000 దాకా పడతాయి. పెళ్లయిన వారంలోపే మీకు కావలసినవి మీ దగ్గరికి దించేసుకోండి. చేర్చినవాళ్లు ఆల్బమ్‌లోంచి వెళ్లిపోయినా, ఫోను నిండిందని ఆ ఫొటోలను తమ గూగుల్ ఫొటోస్‌లో చెరిపేసినా, మీ ఆల్బమ్‌లోంచీ అవి పోతాయి.