పడవలోనే కాపురం పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్తే అండి. మాది వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ. మా ఆయన ముప్పై ఏళ్ళు ఓడల ఇంజన్ల రిపేరు పని చేసి మొన్నే రిటైరయ్యారు. పోయినేడు ఇంగ్లండ్‌లో మా అబ్బాయి దగ్గరికెళ్ళి అక్కడ కాలవల్లో జనం నారోబోట్లలో, అంటే సన్నగా పొడుగ్గా ఉండే పడవల్లో, కాపురం ఉండటం చూసొచ్చిన దగ్గర్నుంచి ఒకటే మాట, ఫ్లాట్ అమ్మేసి బోటు కొందాం, అందులోనే ఉంటూ కాకినాడ, అక్కణ్ణుంచి కాలవల్లో బెజవాడ, బకింగ్‌హామ్ కాలవలో మద్రాసు, మెల్లగా కేరళ దాకా పోదాం అని. నాకు ఈత కూడా రాదు. వద్దంటే ఆయన మనసు కష్టపెట్టుకుంటారు. ఇది అయ్యే పనేనా?

జవాబు: అక్కా, బావగారి కోరిక చాలా మంచిది, ముందు ఆ మాట ఆయనకి చెప్పండి. నేను రెండేళ్ళు ఇంగ్లండ్‌లో అలాంటి నారోబోటులోనే ఉన్నాను. వెడల్పు రెండు మీటర్ల పది సెంటీమీటర్లు, ఒకళ్ళు వంట చేస్తుంటే ఇంకొకళ్ళు పక్కకి ఒదిగి దాటాలి, వేగం గంటకి నాలుగు మైళ్ళు మించకూడదు, గట్టు మీద నడిచేవాళ్ళు మన పక్కనే వస్తుంటారు. సొంత రేవు లేని పడవ ఒకేచోట 14 రోజులకి మించి ఉండకూడదని రూలు. అయినా హాయిగా సాగిపోద్ది ఎందుకంటే దారి పొడుగునా నీళ్ళ కొళాయిలు, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసుకునే చోట్లు ఉంటాయి, లాకులన్నీ (నీటి మట్టం పెంచి, తగ్గించి పడవని దాటించే తలుపులు) పని చేస్తాయి.

మన దగ్గర చిక్కు మొదటి రోజే వస్తుంది. వైజాగ్ నుంచి కాకినాడకి కాలవ లేదు, సముద్రమే, డెబ్భై నాటికల్ మైళ్ళ (సముద్రపు మైళ్ళు) పైమాట, గంటకి అయిదు నాటికల్ మైళ్ళ వేగంతో వెళ్తే పదిహేను గంటలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తీరం వెంట నీటి లాగుడు ఉత్తరానికి ఉంటుంది, అంటే మీకు ఎదురు. అడుగు చదునుగా ఉండే కాలవ పడవ సముద్రంలో కెరటానికి ఆగదు, సముద్రానికి ఆగే పడవకేమో ఒరిగిపోకుండా అడుగున కీల్ అనే బరువైన పట్టె ఉంటుంది, అది ఒకటిన్నర మీటరు నీళ్ళలోకి దిగి ఉంటుంది, అలాంటి పడవ పూడిపోయిన కాలవలో కదలదు. ఒకే పడవతో రెండూ కావాలనుకోవడమే కష్టం.

బావగారు చెప్పే దారి కాగితం మీద నిజమే, కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలవలు, గోదావరి, కృష్ణా కలిపి 1,095 కిలోమీటర్లు 2008లో జాతీయ జలమార్గం 4గా ప్రకటించారు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక డెల్టా కాలవల్లో ధాన్యం పడవలు లాకులు దాటుకుంటూ తిరిగాయి. ఇప్పుడు చాలాచోట్ల తక్కువ ఎత్తు వంతెనలు, పూడిక, గుర్రపుడెక్క. చెన్నైలో అయితే రైలు వంతెన స్తంభాలే బకింగ్‌హామ్ కాలవలో నిలబడి ఉన్నాయి. ఆ కాలవలు చూస్తే నాకు కడుపు తరుక్కుపోద్ది అక్కా.

ఇంక సముద్రంలో రాత్రి నిద్రపోవాలంటే లంగరు వెయ్యడం గురించి చెప్పాలి. నీళ్ళ లోతు నాలుగు మీటర్లు, నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు అనుకుంటే మొత్తం అయిదు, దానికి అయిదు రెట్లు అంటే 25 మీటర్ల గొలుసు వదలాలి, తాడయితే ఏడు రెట్లు, పోటు వస్తే ఇంకా పైన. గొలుసు ఇసకలో పడుకుని అడ్డంగా లాగితేనే లంగరు పట్టు ఉంటుంది, పైకి లాగితే లేచిపోద్ది. ఒకసారి నేను పోటు లెక్కేయలేదు. రాత్రి రెండింటికి మెలకువొచ్చి గొలుసు మీద చెయ్యేస్తే గుడగుడమని అదురు, అడుగున రాళ్ళు దొర్లుతున్నట్టు. లంగరు జారుతోంది. ఇంజన్ వేసేలోపు ఒడ్డు ఎంత దగ్గరికొచ్చిందో ఇప్పటికీ కళ్ళముందే ఉంది. 2020 అక్టోబరు వాయుగుండంలో ఎంవీ మా అనే బంగ్లాదేశ్ కార్గో షిప్పే లంగరు ఆగక తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీదకొచ్చేసింది, మీరు చూసే ఉంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే వద్దే వద్దు, 2014 హుద్‌హుద్ మీకు నేను గుర్తు చెయ్యక్కర్లేదు. పైగా ఇది నేవీ ఊరు, నచ్చినచోట లంగరు వెయ్యనివ్వరు, ముందే పోర్టు వాళ్ళని అడగాలి.

గ్యాస్ విషయంలో భయపడాల్సిందే. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకయితే పడవ అడుక్కి దిగి అక్కడే కూర్చుంటుంది. సిలిండర్ ఎప్పుడూ బయట డెక్ మీదే ఉండాలి.

ఫ్లాట్ మాత్రం అమ్మొద్దు, అద్దెకివ్వండి. మొదట కేరళ వెళ్ళండి, కొల్లం నుంచి కొట్టపురం దాకా జాతీయ జలమార్గం 3 మీద నిజంగానే పడవలు తిరుగుతాయి, అక్కడ చిన్న పడవ మాట్లాడుకుని ఓ పది రోజులు ఉండి చూడండి. మీరు ఈలోపు ఈత నేర్చుకోండి. చిన్న పడవలో ప్రపంచం చుట్టొచ్చిన నేవీ అమ్మాయిల్లో స్వాతి మన వైజాగ్ అమ్మాయే, 17 మీటర్ల తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు 2018లో తిరిగొచ్చారు.

ఇంకోటి, ఇది ఈ వారమే చెయ్యండి. మన ఊళ్ళ లెక్క మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్ళు, పడవలో ఇద్దరికీ కలిపి 40తో సరిపెట్టుకోవాలి. 280 లీటర్లు డ్రమ్ములో పట్టి కొళాయిలన్నీ కట్టేసి, స్నానం, అంట్లు, వంట అన్నీ దాంతోనే వారం రోజులు చెయ్యండి. ఏ రోజుకి అయిపోయిందో నాకు రాయండి.