‘కే-ఆన్’ గురించి రాయబోతున్న మా చిన్నారికి

చిరంజీవి చిన్నారిని పెద్దమ్మ దీవించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో ఊరి సంగతులన్నీ చెప్పి, ఇక పెట్టేస్తుందనగా, ‘అన్నట్టు అక్కా, ఇది నీ దారే పట్టింది, జపాను బొమ్మల సీరియల్ ఏదో చూసి తెలుగులో రాస్తుందట’ అన్నది. ఏ సీరియల్ అని నేను అడిగేలోగానే పక్కనుంచి నువ్వు ‘కే-ఆన్’ అని అరిచావు. మొదటి రెండు భాగాలు చూసి, ఆదివారానికల్లా తొలి అభిప్రాయం రాసేస్తావని కూడా విన్నాను. ఆ తరువాత నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఇంకొకరు కలం పట్టారన్న సంతోషం ఒకవైపు ఉన్నది. సరిగ్గా ఆ సీరియల్ గురించే, సరిగ్గా రెండు భాగాలే చూసి, 2009లో నేను రాసిన ఒకటిన్నర పేజీ గుర్తుకు వచ్చిన దిగులు ఇంకొకవైపు ఉన్నది. అందుకే తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందుగా ఎవరైనా చెప్పగలిగిన మాటలు చెప్పేస్తాను. జపనీస్ గొంతులతోనే చూడు. రోజుకు ఒక భాగానికి మించి చూడకు. ఇతరులు రాసినవి ముందే చదవకు. భాగం పూర్తి కాగానే, ఫోను ముట్టుకోకముందే, నిన్ను నవ్వించిన సందర్భాలను కాగితం మీద పెట్టుకో; మర్నాటికి నవ్వు గుర్తుంటుంది గానీ దానికి కారణం గుర్తుండదు.

పేరు దగ్గర కాస్త ఆగాలి. ‘కే-ఆన్’ అన్నది ‘కెయిఒన్‌గకు’ అన్న జపనీస్ మాటకు పొట్టి రూపం; ఆ మాటను అక్షరాలా విడదీస్తే ‘తేలిక సంగీతం’ అవుతుంది. మన చెవికి అది వెంటనే ఆకాశవాణి లలిత సంగీతంలా వినిపిస్తుంది కాబట్టి నువ్వు అలాగే రాసేస్తావేమోనని నా భయం. అక్కడి బడుల్లో ఆ పేరుతో ఉండే బృందంలో పిల్లలు వాయించేది గిటారు, డ్రమ్ములు, కీబోర్డుతో పాశ్చాత్య పద్ధతి పాటలు. కథానాయిక యుయి కూడా ఇటువంటి పొరపాటే పడుతుంది. ‘తేలిక’ అని ఉన్నది గనుక ఈల వేయడంలాంటి సులువైన పనులే ఉంటాయనుకుని పేరు ఇచ్చేస్తుంది. నిజం తెలిశాక, మానేస్తానని చెప్పడానికే ఆ గదికి వెళ్తుంది. నలుగురు లేకపోతే బృందం రద్దయిపోతుంది కాబట్టి మిగిలిన ముగ్గురు ఆమెను కూర్చోబెట్టి, కేకు పెట్టి, అక్కడి పిల్లలందరూ బడిలో నేర్చుకునే ‘త్సుబసా ఒ కుదసాయ్’ అనే పాటను వాయించి వినిపిస్తారు. విన్నాక ఆ పిల్ల చప్పట్లు కొట్టి, మీరు అంత బాగా వాయించడం లేదని ముఖం మీదే చెప్పి, అయినా చాలా సరదాగా ఉన్నది కాబట్టి చేరతానంటుంది. ఈ ఒక్క సన్నివేశాన్ని నువ్వు శ్రద్ధగా రాయగలిగితే సీరియల్ తత్వం మొత్తం పాఠకుడికి అందుతుంది. కథ మలుపు తిరిగింది వాళ్ల ప్రతిభ చూసి కాదు, వాళ్లు కలిసి ఉన్న తీరు చూసి. నేను 2009లో ఈ మాట విని కూడా పట్టించుకోలేదు.

ఇక ఆ సంగతికి వస్తాను. అప్పుడు మేము ఒసాకాలో ఉండేవాళ్లం. అక్కడ ఏప్రిల్‌లో బడులు తెరుస్తారు. మా అమ్మాయి, అదే మీ అక్క, ఆ నెలలోనే అక్కడి ప్రభుత్వ బడిలో ఏడో తరగతిలో చేరింది. బడి వదిలాక పిల్లలందరూ ఏదో ఒక బృందంలో, టెన్నిసో కత్తిసామో కాలిగ్రఫీయో, సాయంత్రం ఆరు దాకా ఉండటం ఆ దేశపు ఆనవాయితీ. మీ అక్క బాకాల బృందంలో చేరతానని అడిగింది. నేను వద్దన్నాను. ఎప్పటికైనా హైదరాబాదు తిరిగి వెళ్తాము, అక్కడి పిల్లలు ఈ వయసుకే ప్రవేశ పరీక్షల లెక్కలు చేస్తున్నారు, నువ్వు వెనకబడిపోతావు అని చెప్పి, మూడున్నరకల్లా ఇంటికి రమ్మన్నాను. అది మారుమాట్లాడలేదు. ఆ పిల్ల మారుమాట్లాడదన్న సంగతి నీకూ తెలుసు.

అదే నెలలో ఈ సీరియల్ మొదలయింది. అర్ధరాత్రి దాటాక వచ్చేది కాబట్టి మీ అక్క రికార్డు చేసి మర్నాడు చూసేది. నేను అప్పటికి ఇరవై ఏళ్లుగా తెలుగు పత్రికలకు సినిమా సమీక్షలు రాస్తున్న మనిషిని. ఒక చిన్న పత్రికవారు జపాను టీవీ గురించి రాయమంటే, ఇది కొత్తగా ఉన్నది కదా అని మీ అక్క పక్కన కూర్చుని రెండు భాగాలు చూశాను. రెండోదంతా గిటారు కొనడం గురించే. యుయికి నచ్చినది రెండున్నర లక్షల యెన్లు. ఆ డబ్బు కోసం నలుగురూ రోడ్డు పక్కన కూర్చుని వచ్చే పోయే వాహనాలు లెక్కపెట్టే పని చేస్తారు. చివరకు ఆ దుకాణం వాళ్లలో ఒకరైన త్సుముగి నాన్నగారి కంపెనీదే కావడంతో ఆమె బేరమాడి 50,000కు ఇప్పిస్తుంది. నేను అదే రాత్రి కూర్చుని రాసేశాను. ఇందులో ఏమీ జరగదని, పిల్లలు టీ తాగుతూ కాలం వృథా చేస్తారని, సంగీతం పేరు పెట్టుకుని సాధన చేయరని, పుస్తకం తెరిచిన పాపాన పోలేదని, ఇటువంటివి చూసే పిల్లలు కూడా ఇలాగే తయారవుతారని రాశాను. వాక్యాలు బాగా కుదిరాయని నాకు నేనే మురిసిపోయాను.

ఒక్క భాగం ఆగి ఉంటే ఏమి జరిగేదో విను. మూడో భాగమంతా పరీక్షల గురించే. యుయి గిటారు మోజులో పడి పరీక్ష తప్పుతుంది, మళ్లీ రాయవలసి వస్తుంది, స్నేహితులు కూర్చోబెట్టి చదివిస్తే నూటికి నూరు తెచ్చుకుంటుంది, తీరా చూస్తే గిటారు మీద నేర్చుకున్న స్వరమేళాలన్నీ మరచిపోయి ఉంటుంది. నా ఇంట్లో లెక్కల పుస్తకం ముందు కూర్చున్న పిల్ల గురించి ఎవరో నాకు చెప్పినట్టే ఉన్నది ఆ హాస్యం. సాధన చేయరన్న ఫిర్యాదు కూడా నా సొంతమేమీ కాదు. తొమ్మిదో భాగంలో, కొత్తగా చేరిన అజుసా అనే కింది తరగతి పిల్ల సరిగ్గా అదే మాట అంటుంది. ఆమె వీళ్లందరికన్నా బాగా వాయించగలదు. టీ సామాను చూసి మండిపడుతుంది, వేరే చోట్లకు వెళ్లి ఇంకా బాగా వాయించేవాళ్లను విని వస్తుంది, చివరకు వీళ్ల పాట విన్నప్పుడు తన మనసు ఎందుకు కదిలిందో అర్థం కావడం లేదని ఏడుస్తుంది. నేను గొప్ప విమర్శ అనుకున్నదాన్ని ఆ సీరియల్ ముందే ఊహించి, ఒక పాత్రకు అప్పగించి, ప్రేమతో జవాబు చెప్పి పెట్టుకున్నది. నేను ఆ జవాబు రాకముందే లేచి వచ్చేశాను.

పత్రిక ఇంటికి వచ్చిన రోజు మీ అక్క దాన్ని వంటింటి బల్ల దగ్గర నిలబడే చదివింది. చదివి, మడిచి, యథాస్థానంలో పెట్టి, ‘బాగా రాశావమ్మా’ అన్నది. ఆ రోజు నుంచి దాని గది తలుపు వేసుకుని చూడటం మొదలుపెట్టింది. నేను దానికి వద్దన్న సాయంత్రాలు ఆ తలుపు వెనక, వారానికి ఇరవై నాలుగు నిమిషాలు, ఆ బొమ్మల్లో గడుపుతున్నదని నాకు ఏడాదికి పైగా తెలియలేదు. 2010 వేసవి చివరలో, రెండో విడత ఇరవయ్యో భాగం వచ్చిన మర్నాడు, బట్టలు మడిచి గదిలో పెట్టడానికి వెళ్లి గుమ్మంలో ఆగిపోయాను. తెర మీద బడి పండుగ కచేరీ ముగిసింది. ఐదుగురూ తమ గదిలో గోడకు చేరగిలబడి, వచ్చే ఏడాది పండుగకు ఏం చేద్దామో మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ, నలుగురికీ ఇదే ఆఖరి సంవత్సరమన్నది గుర్తుకు వచ్చి ఒక్కొక్కరే ఏడుపు ఆపుకోలేకపోయారు. మీ అక్క మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నది. నన్ను చూసి కళ్లు తుడుచుకోలేదు. ‘వీళ్లకు ఏమీ జరగలేదు కదమ్మా’ అని మాత్రం అన్నది.

నేను మర్నాడే బాకాల బృందానికి వెళ్లమన్నాను. అప్పటికి రెండో ఏడాది సగం గడిచింది, ఇప్పుడు చేరితే అందరికీ ఇబ్బంది అని తనే వద్దన్నది. నా రాతను సరిదిద్దుతూ ఇంకొకటి రాయాలనుకునేసరికి ఆ పత్రిక ఆగిపోయింది. కాబట్టి చిన్నారీ, ఆదివారం గడువు నీకు ఎవరు పెట్టారో నాకు తెలియదు గానీ, దాన్ని తీసెయ్యి. తొమ్మిదో భాగం చూడకుండా ఒక్క అక్షరం రాయవద్దు. తొలి అభిప్రాయం అనే పేరు ఉన్నంత మాత్రాన తొలి గంటలోనే రాయనక్కరలేదు. మొదటి భాగానికి నీకేమనిపించిందో రాసుకో, తొమ్మిదో భాగానికి అది ఎక్కడ మారిందో రాసుకో, రెండూ పాఠకుడికి చూపించు.

ఎందుకు ఇంత నిదానంగా సాగుతుందో కూడా చెప్పు. దీనికి మూలం కకిఫ్లై అనే రచయిత నాలుగేసి గడుల్లో గీసిన బొమ్మల కథ. నాలుగో గడిలో నవ్వు పేలాలి, అంతటితో అయిపోవాలి. క్యోటో యానిమేషన్ సంస్థలో 24 ఏళ్ల వయసులో తొలిసారి ఒక సీరియల్‌కు దర్శకత్వం వహించిన నయొకో యమదా, రచన చూసుకున్న రెయికో యొషిదా, పాత్రల రూపం దిద్దిన యుకికో హొరిగుచి, ఆ గడుల మధ్య ఖాళీలను నింపారు. మాట వినిపిస్తుండగా ముఖం కాకుండా పిల్లల కాళ్లను చూపించడం గమనించు. ఒక పాదం రెండోదాన్ని గీరుకుంటుంది, మడమ చెప్పులోంచి పైకి లేస్తుంది, మనసులో ఉన్నది అక్కడ తెలుస్తుంది.

అలాగని మెచ్చుకోళ్లతోనే నింపవద్దు. మూల కథ వచ్చిన ‘మంగా టైమ్ కిరారా’ ఆడపిల్లల పత్రిక కాదు, ఎక్కువగా యువకుల కోసం నడిచే పత్రిక. ఆ ఛాయ కొన్నిచోట్ల తెర మీదకూ వచ్చింది. ఆరో భాగంలో, గొంతు పోయిన యుయికి బదులు బృందంలోని సిగ్గరి పిల్ల మియొ పాడి మెప్పించిన తరువాత, వేదిక మీద ఆమె పడిపోవడాన్ని నవ్వుకు వాడుకున్న తీరు నాకు ఆనాడూ నచ్చలేదు, ఈనాడూ నచ్చదు. టీచరు సవాకో పిల్లలకు బలవంతంగా వేషాలు తొడగడం కూడా అంతే. నీకు కష్టంగా అనిపిస్తే అది ఏ సన్నివేశమో చెప్పి, కష్టంగా ఉన్నదని నేరుగా రాయి. ఇష్టమైన దానిలో తప్పును దాచిపెట్టడం కూడా పాఠకుడిని మోసం చేయడమే, తల్లీ.

పిలుపుల విషయంలో జాగ్రత్త. అజుసా ‘యుయి సెంపాయ్’ అంటుంది. మనకు అక్క అన్న మాట చేతికి అందుతుంది గానీ సెంపాయ్‌లో చుట్టరికం లేదు, ముందు చేరినవాళ్లన్న మర్యాద మాత్రమే ఉన్నది. ఆ మాటను అలాగే ఉంచు. యుయి మాత్రం ఆ పిల్లను ‘అజు-న్యాన్’ అని పిల్లికూత కలిపి పిలుస్తుంది. ఒకరు పాటించే దూరాన్ని ఇంకొకరు చెరిపేస్తూ ఉండటమే వాళ్లిద్దరి మధ్య నడిచే హాస్యం, తర్జుమాలో ముందుగా పోయేది కూడా అదే.

జపాను వదిలే ముందు నేను మీ అక్కను షిగా ప్రాంతంలోని తొయొసతొకు తీసుకువెళ్లాను. సీరియల్‌లోని బడికి నమూనా అక్కడి పాత ప్రాథమిక పాఠశాల. వోరీస్ అనే అమెరికా వాస్తుశిల్పి రూపకల్పనతో 1937లో కట్టారు. మెట్ల చేపట్టు మీద కుందేలు, తాబేలు కంచు బొమ్మలు ఉంటాయి. తెర మీద ఆ తాబేలును నువ్వూ చూస్తావు. మీ అక్క ప్రతి మెట్టు దగ్గరా ఆగుతూ, చేపట్టును అరచేత్తో రాస్తూ, చాలా నెమ్మదిగా పైకి వెళ్లింది. నేను కింద నిలబడి ఉన్నాను, తొందరపెట్టలేదు. పైనుంచి ‘అమ్మా, నువ్వూ రా’ అని పిలిచింది.

ఇంకొక్క మాట. ప్రతి భాగం చివరా పాటతో పాటు వచ్చే పేర్లను దాటేయవద్దు. 2019 జూలై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకు ఒక దుర్మార్గుడు నిప్పు పెడితే 36 మంది చనిపోయారు. ఆ రోజు మీ అక్క ఆఫీసు నుంచే ఫోను చేసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయింది. బొమ్మలే కదా అని ఎవరైనా నీతో అంటే, ఒక కేకు ముక్కను ఫోర్కుతో తుంచే రెండు సెకన్ల కోసం ఎంతమంది బల్లల ముందు వంగి గీశారో తలచుకో.

భోజనం మానేసి చూడకు. రాత్రి పొద్దుపోయేదాకా మేలుకోకు, మీ అమ్మ నన్నంటుంది. రాయడం పూర్తయ్యాక నాకు పంపవద్దు. తప్పులు దిద్దడం తప్ప నేను ఇంకేమీ చేయలేను. మీ అక్కకు పంపు. నువ్వు రాస్తున్నావని ఈ ఉదయం దానికి చెప్పాను. ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉంటానని, నీతో కలిసి మూడో భాగం మళ్లీ చూస్తానని, నువ్వు ఫోను చేస్తే చాలునని అన్నది.

ప్రేమతో,
పెద్దమ్మ