వియత్నాంలో పోరాడిన అమెరికన్ సైనికులకు 75 ఏళ్ల వయసులో మళ్లీ పీడకలలు ఎందుకొస్తాయి?

కొత్తగా వచ్చేవి తక్కువ. ఎక్కువమందిలో ఇన్నాళ్లూ అణిగి ఉన్నవే పైకొస్తాయి. యుద్ధం 1975లో ముగిసింది. ఇలాంటి పీడకలలు తెచ్చే పీటీఎస్‌డీని, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసును వెంటాడే జబ్బును, అమెరికా మనోవైద్యులు అధికారికంగా జబ్బుల జాబితాలో చేర్చింది 1980లో. ఈలోగా ఇంటికొచ్చిన కుర్రాళ్లలో చాలామంది సంసారాల్లో, ఉద్యోగాల్లో తలమునకలై ఆ జ్ఞాపకాలకు సందు ఇవ్వలేదు. రిటైరయ్యాక ఆ తీరిక లేనితనం పోతుంది. దానికి తోడు భార్య మరణం, తోటి సైనికుల చావు కబుర్లు, ఆపరేషన్లు, నిద్రలేమి. మతిమరుపు జబ్బు కూడా మొదలైతే మనసు మీద ఉన్న కాస్త పట్టూ సడలుతుంది.

ఇంట్లోవాళ్లకు కనిపించేది వేరు. హోటల్‌కు వెళితే గోడకు వీపు ఆనించి, తలుపు కనిపించే కుర్చీలోనే కూర్చుంటాడు. జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, బాణసంచా మొదలవగానే లోపలి గదిలోకి వెళ్లిపోతాడు. దాన్ని ముసలి చాదస్తమని కొట్టిపారేయడం చాలా అన్యాయం.

2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా ప్రకారం, యుద్ధమైన 40 ఏళ్లకు కూడా వియత్నాంలో పోరాడినవాళ్లలో సుమారు 2,71,000 మందికి పీటీఎస్‌డీ లక్షణాలు పూర్తిగానో పాక్షికంగానో ఉన్నాయి. వారిలో మూడోవంతు మందికి తీవ్రమైన కుంగుబాటు కూడా ఉంది.

ఈ వయసులో చికిత్స ఎందుకులే అనుకోవద్దు. నిపుణుల తోడుతో ఆ జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొనే మాటల చికిత్స పెద్దవయసులోనూ మేలు చేస్తుంది. ఆందోళన తగ్గించడానికి వాడే డయాజెపామ్ లాంటి మత్తు మాత్రలను మాత్రం పీటీఎస్‌డీకి సిఫారసు చేయరు. వృద్ధులు వాటివల్ల తూలి పడే ప్రమాదం ఎక్కువ. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా మానేయకుండా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.